దిగబెట్టడానికి వచ్చిన మనిషి

ఆదివారం

సర్దడం అయిపోయింది. రెండు సంచులవుతాయనుకున్నాను, ఒక్కదాంట్లోనే పట్టేసింది. కత్తెర మాత్రం పాత తువ్వాల్లో చుట్టి అడుగున పెట్టాను. కుట్టుమిషను ఇక్కడే ఉంటుంది. ఓడరేవు దగ్గర వర్కుషాపులో టార్పాలిన్లు కుట్టే పెద్ద మిషన్లు వాళ్లవే ఉన్నాయట. వచ్చే సోమవారం పనిలో చేరమన్నారు.

బస్సెక్కితే ఒక్క పగలు ప్రయాణం. లారీల మీద వెళ్దామన్నది నేనే. పెళ్లైన కొత్తలో మేమిద్దరం అలాగే తిరిగేవాళ్లం. ఆయన మోటారు వైండింగు షాపు షట్టరు దించేసేవాడు, నేను మిషను మీద గుడ్డ కప్పేసేదాన్ని, రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తేవాళ్లం. ఏ బండి ఆగితే ఆ ఊరు. పడుకోవడానికి ఏ సత్రమో, ఏ పెట్రోలు బంకో. చేతిలో ఏమీ లేకుండానే సగం దేశం చూశాం.

"నువ్వే వచ్చి దిగబెట్టు. ఎప్పటిలా లారీల మీద వెళ్దాం. చివరిసారి కదా" అన్నాను.

వద్దంటాడనుకున్నాను. "సరే" అన్నాడు.

ఆయన దేనికైనా సరే అనే అంటాడు. విషయం తెలిశాక, విడిపోదామని నేనన్న రోజు కూడా "నువ్వెలా అంటే అలా" అన్నాడు. కాగితాల మీద సంతకాలు వచ్చే నెల అని వకీలు చెబితే దానికీ సరే అన్నాడు. నిన్ను వదిలేసి వెళ్తాను అని మాత్రం ఆయన నోటితో ఇంతవరకూ అనలేదు. ఈ సంగతి నేను మర్చిపోకూడదు.

లారీల మీద వెళ్దామనడంలో నా ఎత్తు ఏమీ లేదు. నెమ్మదిగా వెళ్తే దారి చూడొచ్చని, అంతే.

ఆకుపచ్చ డ్రెస్సు కూడా పెట్టుకున్నాను. ముడతలు పడని గుడ్డ, ప్రయాణానికి బాగుంటుంది.

సోమవారం

మొదటి బండి తొందరగానే దొరికింది. పశువుల దాణా లారీ. డ్రైవరుకి పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద నోరు. మేమెక్కి కూర్చున్నామో లేదో మొదలుపెట్టాడు.

"ఏమ్మా, ఇద్దరూ కలిసి ఇంట్లోంచి పారిపోతున్నారా?"

"పారిపోయే వయసా అన్నా మాది?" అన్నాను.

"వయసుదేముందమ్మా! మా బావమరిది యాభై దాటాక పారిపోయాడు. అదీ ఎవరితో? వాడి పెళ్లాంతోనే! ఇంట్లో పిల్లల గోల భరించలేక."

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. డ్రైవరుకి హుషారొచ్చింది.

"ఇంతకీ మీది కొత్త పెళ్లా, పాత పెళ్లా?"

"పాతదేనన్నా. ఇంకా నడుస్తోంది" అన్నాడు ఆయన.

నడుస్తోంది అన్నాడు. నడిచింది అనలేదు.

మధ్యాహ్నం ఎండకి కునుకు పట్టి నా భుజం మీద తల వాల్చాడు. ఆయన జుట్టులో వైండింగు వార్నీషు వాసన. నేను కదల్లేదు. భుజం తిమ్మిరెక్కింది, అయినా కదల్లేదు. డ్రైవరు అద్దంలోంచి చూసి, గుంతలు తప్పించి నడిపాడు. మంచివాడు.

మంగళవారం

వాన. ఎవరూ బండి ఆపలేదు. పగలంతా పెట్రోలు బంకు వెనక రేకుల షెడ్డులోనే. బ్రెడ్డు, అరటిపళ్లు తిన్నాం. తడిసిన నా తల తన తువ్వాలుతో తుడిచాడు. అడక్కుండానే.

ఆవిడ మాట ఇద్దరం ఎత్తలేదు. రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ ఆవిడ లేనట్టే ఉంది.

ఆవిడ మా వీధి చివర పాల బూత్ నడుపుతుంది. ఆయన షాపుకి సరిగ్గా ఎదురు. మొగుడు పోయిన మనిషి, ఒద్దికైన మనిషి, నేను కూడా మంచిదనే చెప్పేదాన్ని అందరికీ. బట్టలు నా దగ్గరే కుట్టించుకునేది. ఆ రోజు రెండు డ్రెస్సులు పట్టుకొచ్చి, "నడుము దగ్గర కాస్త వదులు చెయ్యండి" అంది. టేపు చుట్టాను. చుట్టి, తలెత్తి మొహంలోకి చూశాను. "అక్కా, మీ ఆయన..." అని ఏడ్చేసింది. నేను కొలత రాసుకున్నాను. డ్రెస్సులు రెండూ వదులు చేసి, ఇస్త్రీ కూడా చేసి ఇచ్చాను. ఎందుకిచ్చానని మా వదిన ఇప్పటికీ తిడుతుంది. ఒప్పుకున్న పని కదా, ఇవ్వక ఏం చేస్తాను?

మాకు పిల్లల్లేరు. ఆ బాధ ఆయనకి లేదనే అనుకునేదాన్ని. ఎప్పుడూ అనలేదు మరి.

వాన తగ్గింది. రేపు బండి దొరుకుతుంది. దొరక్కపోయినా తొందరేం లేదు.

బుధవారం

ఐసుగడ్డలు తీసుకెళ్లే వ్యాను నేరుగా రేవు దాకా తెచ్చి దించింది. ఒక రోజు ముందే వచ్చేశాం. దారిలో ఇంకో ఊరు ఆగుదామంటే ఆయన, "వచ్చిన బండి వదులుకుంటే ఎలా?" అన్నాడు. నిజమే.

ఊళ్లోకి రాకముందే క్రేన్లు కనిపించాయి. దిగగానే డీజిలు, చేపలు, తడి తాళ్లు కలిసిన వాసన. ఒక్కో కంటైనరూ ఇల్లంత ఉంది. చంకలో సంచులతో అందరికీ అడ్డం పడుతూ, నోరు తెరుచుకుని చూశాం. ఫోర్కులిఫ్టు నడిపే మనిషి "చూడ్డం అయిపోతే తప్పుకోండి బాబూ" అని అరిచాడు. ఇద్దరం నవ్వుకుంటూ పరిగెత్తాం. సరిగ్గా ఆ ఒక్క క్షణం ఎప్పటిలాగే ఉంది.

ఊళ్లో అన్నిటికంటే చవకైనది రేవు కూలీల వసతి గృహం. కింద హాలు ఆడవాళ్లకి, పైన మగవాళ్లకి. అది చూసుకునే ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి మమ్మల్ని పైనుంచి కింద దాకా చూసింది.

"మీరిద్దరూ ఏమవుతారు?"

నేను నోరు తెరిచేలోపు ఆయన చెప్పేశాడు. "బంధువులం."

మొగుడూ పెళ్లాలంటే విడిగా గది తీసుకోమంటారు, దాని అద్దె ఎక్కువ. అందుకే అలా అన్నాడు. అప్పటికప్పుడు భలే తోచింది ఆయనకి. అయినా అందులో అబద్ధమేముంది? మొగుడు మాత్రం బంధువు కాదా? అసలు అందరికంటే దగ్గరి బంధువు.

పైన హాల్లో ఎవరో దగ్గుతున్నారు. ఆయన దగ్గు కాదు.

గురువారం

ఇవాళ చాలా మంచి రోజు. అన్నీ వరసగా రాసుకుంటాను.

పొద్దున్నే లాంచీ ఎక్కాం. అది రేవు పనివాళ్లని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేరేసేది, టిక్కెట్టు లేదు. అందరూ చేతిలో టిఫిన్ క్యారియర్లతో నిద్రమొహాలతో ఉంటే, మేము మాత్రం చుట్టాలింటికి వచ్చినట్టు రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. అవతలి ఒడ్డున తాళ్లు లాగే మోటారొకటి మూలుగుతోంది. ఆయన ఆగిపోయి చెవి రిక్కించాడు.

"బేరింగు పోయింది. ఇవాళో రేపో కాలిపోతుంది" అన్నాడు.

"ఈ ఊళ్లో మోటార్లకి కొదవ లేదు. ఇక్కడ వైండింగు షాపు పెడితే నీకు ఊపిరి సలపదు" అన్నాను, ఏదో మాటవరసకి.

"అవును. మంచి గిరాకీ ఉంటుంది" అన్నాడు.

అవును అన్నాడు.

తరవాత నాకు గది వెతికాం. మొదటిది చెమ్మ. రెండోది సారా దుకాణం పైన, ఆయన మెట్ల దగ్గరే ఆగి "ఇది కాదు" అన్నాడు. మూడోది తాళ్లమ్మే కొట్టు మీద మేడగది. ఇనప మెట్లు. కిటికీలోంచి సముద్రం కనిపించదు గానీ ఓడల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఇంటావిడ కింద వెనక భాగంలో ఉంటుంది, పెద్దావిడ.

ఆయన చేసిన హడావిడి చూడాలి! స్విచ్చిబోర్డు విప్పి తీగలన్నీ బిగించాడు. ఫ్యాను దించి, తుడిచి, నూనె వేసి మళ్లీ తగిలించాడు. తలుపు గడియ వదులుగా ఉందని కింది కొట్టుకెళ్లి మేకులు తెచ్చి కొత్తది బిగించాడు. బయటికెళ్లి తోసి చూశాడు. నన్ను లోపల్నుంచి వేసుకోమని మళ్లీ భుజంతో తోసి చూశాడు. నీళ్లు ఎప్పుడొస్తాయి, సందులో దీపం వెలుగుతుందా, పక్క గదిలో ఎవరుంటారు అని ఇంటావిడని ఊపిరి తీసుకోనివ్వలేదు.

"ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మా. మా ఆయన బల్బు మార్చమంటే చీకట్లోనే బాగుందనేవాడు" అంది ఆవిడ.

ఆయన తల దించుకుని మేకులు ఏరుకున్నాడు.

ఉండే ఉద్దేశం లేని మనిషి గడియ ఇంత గట్టిగా బిగిస్తాడా? రెండు రోజుల్లో వెళ్లిపోయేవాడికి ఫ్యానుతో పనేమిటి? నేను ఏమీ అనుకోవడం లేదు. చూసింది రాస్తున్నాను, అంతే.

శుక్రవారం పొద్దున

ఆకుపచ్చ డ్రెస్సు వేసుకున్నాను. "బాగుంది" అన్నాడు. తన సంచి కూడా వసతి గృహం నుంచి నా గదికి తెచ్చి పెట్టాడు. అక్కడైతే సంచి చూసుకోవడానికి ఒకళ్లుండాలి కదా అన్నాడు.

శుక్రవారం సాయంత్రం

రేవు వెనక సందులో సంత జరుగుతుంది. ఓడల్లోంచి తీసేసిన గిన్నెలు, దుప్పట్లు, గోనెసంచులు, పాత గడియారాలు అన్నీ ఉంటాయి. ఏమీ కొనకపోయినా పొద్దు గడిచిపోయే చోటు, మాకు అలవాటైన చోటు. నేను ఒక బండి దగ్గర టార్పాలిను సూదులు చూస్తున్నాను. ఆయన పక్కన గుడ్డల బండి దగ్గర ఆగాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

"ఇది ఉతికితే ముడుచుకుంటుందా?"

తెల్లటి నూలు గుడ్డ, చిన్న చిన్న పసుప్పచ్చ చుక్కలు. నాకే అనుకున్నాను. గది కిటికీకి తెర కావాలని పొద్దున అన్నాను కదా, అదనుకున్నాను. చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపేసరికి తెలిసింది. అంత మెత్తటి గుడ్డతో కిటికీ తెరలు కుట్టరు. పెద్దవాళ్లకి ఏదీ కుట్టరు.

ఆయన నా మొహంలోకి చూడ్డం లేదు. గుడ్డ వైపే చూస్తున్నాడు. గుడ్డ గురించి ఏ సందేహమొచ్చినా ఇన్నేళ్లూ నన్నే అడిగాడు, ఆ అలవాటుతో ఇదీ అడిగేశాడు. అడిగాక గానీ ఏం అడిగాడో ఆయనకే తట్టినట్టు లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. ఒక పూట నీళ్లలో నానేసి, ఆరేసి, ఆ తరవాతే కత్తిరించమను. కుట్లు పైకి ఉండేలా కుట్టమను. లోపలికి ఉంటే చర్మానికి ఒరుసుకుంటాయి" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. గిరాకీతో మాట్లాడినట్టే మాట్లాడాను.

బండి అతను మురిసిపోయాడు. "అమ్మకి అన్నీ తెలుసే! ఎన్నో నెలమ్మా?"

"నాకు కాదు" అన్నాను.

గుడ్డ కొన్నాడు. కొనకుండా వచ్చేస్తాడేమో అనుకున్నాను. కొన్నాడు.

రేవు చివర అలలు ఆగడానికి వేసిన రాళ్ల మీద కూర్చున్నాం. పొట్లం మా ఇద్దరి మధ్యా ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడు?" అన్నాను.

"వచ్చే నెలాఖరని చెప్పింది డాక్టరమ్మ."

అంటే ఆసుపత్రికి కూడా తీసుకెళ్తున్నాడు.

"ఇన్ని రోజులూ నాతో ఎందుకొచ్చావు?"

"నువ్వు రమ్మన్నావు కదా."

"అంతేనా?"

పొట్లం దగ్గరికి లాక్కున్నాడు. "నిన్నొక్కదాన్నీ ఎలా పంపను? నీకో మంచి గది చూసి, తలుపు గట్టిగా ఉందో లేదో చూసి వెళ్తే..."

"నీ మనసు నిమ్మళిస్తుంది."

"ఊఁ" అన్నాడు.

రాసేస్తున్నాను. లారీల మీద రమ్మన్నది అందుకే. కొన్ని రోజులు దారిలో నా పక్కన కూర్చుంటే, రోడ్డు మీద నవ్వితే, పాత రోజులు గుర్తొస్తే మనసు మారుతుందని. నా ఆశ నాది. గడియ బిగిస్తే కాపురం బిగుసుకుంటోందనుకున్నాను. పిచ్చిదాన్ని.

అయినా ఇంకొక్కటి మిగిలింది. అది కూడా చూడాలనిపించింది.

"నేనేం అడిగినా నువ్వు ఎప్పుడూ కాదనలేదు కదూ?"

"లేదు."

"అయితే ఇప్పుడొకటి అడుగుతాను."

"అడగొద్దు" అన్నాడు.

మెల్లగానే అన్నాడు. అలల చప్పుడులో సరిగ్గా వినపడనేలేదు. ఇన్నేళ్లలో నాకు వద్దని చెప్పడం ఇదే మొదలు.

"అడిగితే ఉండిపోతాను. నా సంగతి నీకు తెలుసు కదే. ఉండిపోయి నీ దగ్గరా ఉండను, అక్కడా ఉండను. రోజూ గోడకేసి చూస్తూ కూర్చుంటాను. నీ కాళ్లు పట్టుకుంటాను, అడగొద్దు."

ఏడ్చాడు. పక్కన గాలం వేసుకుని కూర్చున్న ముసలాయన మా వైపు ఒకసారి చూసి, గాలం చుట్టుకుని దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

అడిగితే ఉండిపోతాడు. నిజంగానే ఉండిపోతాడు, ఆ మనిషి తత్వం అంతే. ఒక్క మాట చాలు. ఆ మాట నా నాలుక చివరే ఉంది. నోట్లో పోసుకున్న వేడి టీలా మింగలేను, ఉమ్మలేను. పడవ ఒకటి లోపలికొచ్చింది. ఇంకొకటి బయటికెళ్లింది. దీపాలు వెలిగించారు.

"చలేస్తోంది, పద" అన్నాను.

నేను అడగలేదు.

శనివారం

పొద్దున్నే రేవు గేటు బయట రోడ్డు మీదికి వెళ్లాం. ఒక్కడే వెళ్తానన్నాడు. నేనూ వచ్చాను. దిగబెట్టడానికి.

చాలాసేపు చెయ్యెత్తి నిలబడ్డాడు. సరుకు దించేసిన ఖాళీ లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి గానీ ఒక్కటీ ఆగలేదు. మగవాడు ఒంటరిగా నిలబడితే ఎవరు ఆపుతారు? అయినా ఆ చెయ్యి ఎత్తడం కూడా ఎలా ఉందంటే, ఆపితే ఆపండి, లేకపోతే మీ ఇష్టం అన్నట్టుంది.

చూసి చూసి నేను ముందుకెళ్లి చెయ్యెత్తాను. రెండో లారీయే ఆగింది.

డ్రైవరు కుర్రాడు. కిటికీలోంచి వంగి, "రామ్మా, ఎక్కు" అన్నాడు.

"నేను కాదు, ఈయన."

కుర్రాడి మొహం వాడిపోయింది. ఎక్కించుకోనంటాడేమోనని గబగబా చెప్పాను. "మంచి మనిషి. దారిలో నీ బండికి కరెంటు పని ఏమున్నా చేసి పెడతాడు. ఘాట్ రోడ్డులో ఆయనకి కడుపు తిప్పుతుంది, కిటికీ వైపు కూర్చోనీ. నిద్రపోతే తల తలుపుకి కొట్టుకుంటుంది, కాస్త చూసుకో."

"సరేలే అక్కా" అన్నాడు.

అతను ఎక్కాడు. పైకెక్కాక నా వైపు తిరిగి ఏదో అనబోయాడు. ఏమనాలో అతనికి ఎప్పుడూ తెలియదు, వెతుక్కుంటాడు, ఈలోపు నేను అందిస్తాను. ఇవాళ అందించలేదు. వెతుక్కుంటూ ఉండగానే లారీ కదిలింది.

గుడ్డ పొట్లం ఒళ్లో ఉంది. మర్చిపోలేదు.

లారీ మలుపు తిరిగినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నేను బండి కోసం చూస్తున్నాననుకుని ఇంకో రెండు లారీలు ఆగాయి. రెండింటికీ వద్దని చెప్పాను.

ఆదివారం

గది ఊడ్చాను. మళ్లీ ఊడ్చాను.

సోమవారం

పనిలో చేరాను.

వర్కుషాపు పెద్ద రేకుల షెడ్డు. అందులో ఉన్నది అందరూ ఆడవాళ్లే, పైన మేస్త్రీ ఒక్కడు తప్ప. టార్పాలిను ఎంత పెద్దదంటే ఒక్కళ్లు కుట్టలేరు. ఒకళ్లు మిషను ముందు కూర్చుని గుడ్డ అందిస్తారు, రెండోవాళ్లు అవతల నిలబడి లాగుతారు. ఇద్దరి చేతులూ ఒక్కలా నడవాలి, లేకపోతే కుట్టు వంకరపోతుంది. నన్ను లాగడానికి పెట్టారు. నా జోడీ పెద్దావిడ, అందరూ పెద్దమ్మా అంటారు. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు. మాట కరుకు.

"లాగమన్నాను, చించమనలేదు" అంది మొదటి కుట్టుకే. రెండో కుట్టుకి ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి కాస్త చెయ్యి కుదిరింది. పెద్దమ్మ మిషను నడుపుతూనే నన్నేదో అడిగింది. ఆ హోరులో వినపడలేదు.

"ఏంటీ?" అని అరిచాను.

"ఇక్కడ ఎవరెవరుంటున్నారు అంటున్నా! ఇంట్లో!"

చెబుదామనుకున్నది వేరు. ఆయన ఊళ్లో ఉన్నాడు, షాపు చూసుకుంటున్నాడు, తరవాత వస్తాడు. దారంతా మనసులో ఇదే కుట్టుకుంటూ వచ్చాను. ఇంటావిడకి కూడా నిన్న ఇదే చెప్పాను.

"ఒక్కదాన్నే" అన్నాను.

"ఆఁ?"

"ఒక్కదాన్నే!" అని గొంతు చించుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నా అరుపు షెడ్డు ఆ చివరి దాకా వెళ్లి రేకులకి కొట్టుకుంది. అందరూ పని ఆపి నా వైపు తిరిగారు. పైనున్న మేస్త్రీ కూడా తొంగి చూశాడు.

పెద్దమ్మ తాపీగా నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంది.

"సరేలేవే, అంత అరవాలా? ఇక్కడ సగం మంది అంతేగా" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. టార్పాలిను అంచు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మైనం, తారు వాసన. ఎవరూ ఊరుకోమనలేదు, ఎవరూ దగ్గరికి రాలేదు. కరెంటు వచ్చేదాకా అలాగే వదిలేశారు.

భోజనాలప్పుడు బల్ల మీద ఇద్దరు అటూ ఇటూ జరిగి నాకు చోటిచ్చారు. పెద్దమ్మ తన డబ్బాలోంచి ఇంత తీసి నా మూతలో పెట్టింది. ఏం పెట్టిందో చూడలేదు. రుచి తెలియలేదు. తిన్నాను.